జావాలో పుట్టిన జావా

రాజధాని నుంచి సర్క్యులర్ వచ్చింది మొదలు హర్జితోగారి నడకే మారిపోయింది. ప్రభుత్వ సర్వర్లలో బయటివాళ్ళు తయారుచేసిన ప్రోగ్రాములు ఉండకూడదట. సోర్స్ కోడ్ తెచ్చుకుని ఏ ఆఫీసుకా ఆఫీసు సొంతంగా కట్టుకోవాలట. జావా దీవిలో ఆయన ఏలే జిల్లా ఆఫీసులో పొలాల రికార్డులన్నీ నడిచేది జావా అనే కంప్యూటర్ భాష మీద.

"మన దీవి పేరు పెట్టుకుని మనకే పంపిస్తారా? జావా జావాలోనే పుట్టాలి. శుక్రవారానికి కట్టెయ్ అమ్మాయ్!" అన్నారు.

"అది కాఫీని చూసి పెట్టిన పేరు బాపక్," అంది పలుపి. బాపక్ అంటే అక్కడ 'అయ్యగారు'.

"ఆ కాఫీ ఎవరిది? మనదే కదా!"

ఆ ఆఫీసుకున్న ఒకే ఒక్క కంప్యూటర్ ఇంజనీరు పలుపి. లక్షల పంక్తుల కోడ్ దింపుకుని యూనిక్స్ సర్వర్ ముందు కూర్చుంది. మొదటి కమాండ్‌కే సర్వర్ మొండికేసింది.

"బాపక్, జావా కట్టాలంటే ముందు జావా ఉండాలంటోంది."

"అదేం మెలిక?"

"ఇందులో చాలా భాగం జావాలోనే రాశారు. ముందు తరం ఉంటేగానీ ఈ తరం పుట్టదు."

"మరి ఆ ముందు తరం?"

"దాని ముందు తరంతో."

"మొట్టమొదటిది?"

"అమెరికాలో."

హర్జితోగారు శుక్రవారం వేడుకకని తెప్పించిన బ్యానర్ కేసి చూశారు. 'జావాలో పుట్టిన జావా' అని అప్పటికే అచ్చయిపోయింది.

"పాతది సర్వర్లో ఉందిగా?"

"ఉంది. అదీ బయటనుంచి వచ్చిందే. సర్క్యులర్ ఒప్పుకోదు."

ముప్పై ఏళ్ళ సర్వీసు ఊరికే పోతుందా? ఫైలు తెప్పించి రాశారు: 'సదరు పాత జావాను ప్రోగ్రాముగా గాక మంత్రసానిగా పరిగణించవలెను. కాన్పు కాగానే పంపివేయవలెను.' కింద సంతకం, ముద్ర.

కట్టడం మొదలయ్యాక మెమరీ చాలలేదు. సర్వర్ తేలికపడాలంటే అందరూ పని ఆపాలని పలుపి బతిమాలింది. ఆ ఆఫీసు చరిత్రలో ఏ ఆదేశమూ అంత శ్రద్ధగా అమలు కాలేదు.

శుక్రవారం, అక్కడి శుభకార్యాల్లో చేసినట్టే, పసుపు అన్నం గోపురంలా పేర్చారు. రాజధాని నుంచి తనిఖీకి శ్రియాతున్‌గారు వచ్చారు. "వెర్షన్ చూపించండి," అన్నారావిడ. తెర మీద ఒక వరుస పడింది. అందులో 'పలుపి' అని ఉంది.

"పలుపి ఎవరు?"

"నేనేనండీ. వేరే పేరు చెప్పకపోతే కట్టినవాళ్ళ లాగిన్ పేరే వేసుకుంటుంది."

హర్జితోగారు ఆమె చెవి దగ్గర బుసకొట్టారు. "నా పేరు పెట్టు. డిగ్రీలతో సహా."

"మళ్ళీ కట్టాలి బాపక్. పైగా అది ఖాళీలు, కామాలు ఒప్పుకోదు. ఉత్త హర్జితో అని పెట్టనా?"

"ఉత్త హర్జితోనా!" ఆయనకు తల కొట్టేసినట్టయింది. "అక్కర్లేదులే."

శ్రియాతున్‌గారు పలుపి పేరు రాసుకుని వెళ్ళారు.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది: పలుపి పద్నాలుగు జిల్లాలు తిరిగి జావా కట్టి రావాలి. హర్జితోగారు రెండు వారాలు ఆ ఫైలును తొక్కిపెట్టి, మరో ఉత్తర్వు వచ్చాక వదిలారు.

పొరుగు జిల్లా బస్సెక్కి పలుపి వాళ్ళమ్మకు ఫోన్ చేసింది. గొంతులో గర్వం దాగలేదు.

"అమ్మా, ఇక మరో పద్నాలుగు సర్వర్లలో నా పేరే."

"మంచిదేనే. ప్రమోషన్ ఇచ్చారా?"

"లేదు, ప్రయాణాలిచ్చారు," అంది పలుపి, ఒళ్ళోని ల్యాప్‌టాప్ జారకుండా పట్టుకుంటూ.