ఇవోనా పేరు మీద పని

ఇవోనాకి ఒంట్లో బాగుండటం లేదని బస్సులో అందరికీ తెలుసు. తెలియనిదల్లా గోదాములోని కంప్యూటరుకే. దానికి తెలిసింది ఒక్కటే, ఈ మనిషి వేగం తగ్గింది. ఇప్పటికి రెండు హెచ్చరికలు పడ్డాయి. మూడోది కూడా పడితే కాంట్రాక్టు పొడిగించరు. ఇంటికి పొమ్మంటారు, అంతే.

ఇంట్లో మొగుడు లుద్విక్ ఉన్నాడు. వాళ్ళ ఊరు వౌబ్జిఖ్‌లో బొగ్గు గనులు ఎప్పుడో మూతపడ్డాయి గానీ, ఆ గనుల దుమ్ము అతని ఊపిరితిత్తుల్లో అలాగే ఉండిపోయింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. పెళ్ళాం జీతం మీదే ఇల్లు గడుస్తోంది. అతని అక్క దనూతా కూడా అదే గోదాములో పని చేస్తుంది. ఎవరో ఎక్కడో ఫోనులో కొన్న సరుకుని అరల్లోంచి ఏరి, పెట్టెలో వేసి పంపడం ఇద్దరి పనీ. వదినా మరదళ్ళు తెల్లారకముందే కంపెనీ బస్సెక్కి, పక్కపక్కనే కూర్చుని, దారిపొడుగునా పోట్లాడుకుంటూ వెళ్ళేవాళ్ళు.

"ఏమే, డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోతావు? నన్ను మట్టిలో పెట్టాకా?"

"పోతాలే వదినా, క్రిస్మస్ రద్దీ తగ్గనీ. ఇప్పుడు సెలవడిగితే ఇంకేమన్నా ఉందా?"

"నిన్న గుండె పట్టేసిందన్నావు."

"నీ నస వింటే ఎవరికైనా పట్టేస్తుంది. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. నువ్వు నాకు పూర్తి మొగుడివే!"

బస్సంతా నవ్వింది. ఇవోనా కూడా నవ్వబోయి, ఊపిరందక కిటికీ వైపు తిరిగింది. అది దనూతా చూసింది.

ఆ పని ఎలాంటిదంటే, చేతిలో స్కానర్ ఉంటుంది. ఏ వరుసకి వెళ్ళాలో, ఏ అరలోంచి తీయాలో అదే చెబుతుంది. తీసి, సరుకు మీది గీతల్ని దానికి చూపించి, పెట్టెలో వేసేలోపే ఇంకో వరుస చూపిస్తుంది. మధ్యలో నిలబడితే ఆ మనిషి పేరు రాదెక్ తెర మీద ఎర్రగా కనిపిస్తుంది. రాదెక్ అంటే వాళ్ళ మీద పెద్ద. పెద్ద అంటే పాతికేళ్ళ కుర్రాడే. కంపెనీ ఆర్డరు ప్రకారం అక్కడ గారూ లేదు, మీరూ లేదు, అందరూ నువ్వే. తల్లి వయసు ఆడవాళ్ళని "ఏంటి దనూతా, ఎలా ఉన్నావ్?" అని పలకరించాల్సొచ్చినప్పుడల్లా పాపం ఆ పిల్లాడి చెవులు ఎర్రబడేవి. సొంత ఫోన్లు లోపలికి తేనివ్వరు. అవసరమొస్తే స్కానర్‌కే ఒక ఎర్ర మీట ఉంటుంది. నొక్కితే చాలు, మనిషి ఎక్కడున్నాడో దానికి తెలుసు కాబట్టి సాయం అక్కడికే వస్తుంది.

దనూతా చేయి చాలా చురుకు. ఆ గోదాములో ఆవిడంత వేగంగా ఏరేవాళ్ళు లేరు, ఆ సంగతి ఆవిడకీ బాగానే తెలుసు. ఒకరోజు మరదలి పెదవులు నీలంగా మారడం చూసి ఇక తట్టుకోలేకపోయింది.

"నీ స్కానర్ ఇలా తే. నువ్వు పైకెళ్ళి కూర్చో. ఇద్దరి పనీ నేను చేస్తా."

"పిచ్చెక్కిందా వదినా? చూస్తే ఇద్దరికీ ఉద్యోగాలు ఊడతాయి."

"చూడ్డానికి ఎవడున్నాడే? వీళ్ళు మనుషుల్ని చూస్తారా, తెరని చూస్తారు గానీ."

అన్నిటికన్నా పై అంతస్తులో, చివరి వరుసలో తోట సామాను ఉండేది. గొట్టాలు, కుండీలు, గడ్డి కోసే కత్తెరలు. మంచు కురిసే కాలంలో వాటిని కొనే నాథుడుండడు కనుక అటుకేసి ఎవరూ రారు. ఇవోనా అక్కడ ఒక పెట్టె మీద కూర్చుని ఒళ్ళు వాల్చేది. కింద దనూతా రెండు స్కానర్లతో బొంగరంలా తిరిగేది. కాసేపయ్యాక వెళ్ళి మరదలి స్కానర్ మరదలికి ఇచ్చేసేది. వారం గడిచేసరికి ఇవోనా పేరు ఎరుపులోంచి బయటపడింది. మూడో హెచ్చరిక రాలేదు.

ఆ తర్వాత ఒకరోజు రాదెక్ ఎదురొచ్చి పొంగిపోయాడు. "నీ మరదలు దుమ్ము లేపుతోంది దనూతా! ఇదే ఊపులో పోతే ఇవాళ నిన్నే దాటేస్తుంది!"

దనూతాకి నవ్వాగలేదు. అప్పటికే పైకి వెళ్ళి స్కానర్ ఇచ్చేయాల్సిన వేళ. కానీ ఆశ పుట్టింది. ఇంకాసేపు పడుకోనీ పాపం, ఈలోగా దాని పేరు అందరికన్నా పైకి ఎక్కించేస్తే ఇంక కాంట్రాక్టుకి ఢోకా ఉండదు అనుకుంది. తన పని తగ్గించి, మరదలి స్కానర్‌తోనే పరుగులు పెట్టింది. స్కానర్ మీద ఇవోనాకి మొదటి స్థానం కనిపించగానే ఆయాసపడుతూ మెట్లెక్కింది.

"లేవమ్మా మహారాణీ! నిన్ను పట్టాలెక్కించేసరికి నా నడుం విరిగింది."

ఇవోనా పెట్టె మీద లేదు. నేల మీద బోర్లా పడి ఉంది. కూర్చున్న చోటు నుంచి నడవ దాకా పాక్కుంటూ వచ్చినట్టుంది, చెప్పు ఒకటి వెనకే ఉండిపోయింది. చేయి ముందుకు చాచి ఉంది. దనూతా తిప్పి చూసింది. పిలిచింది. చెంపలు తట్టింది. అయ్యో, అయ్యో అంటూ ఇవోనా స్కానర్ మీది ఎర్ర మీట నొక్కింది. రెప్పపాటులో రాదెక్ వాళ్ళు వచ్చేశారు. అంత తొందరగా వస్తారని దనూతా అనుకోలేదు.

అంబులెన్సులో వచ్చిన డాక్టరు నాడి చూసి, ప్రాణం పోయి చాలాసేపయిందన్నాడు.

"చాలాసేపా? అదెలా? ఇందాకటిదాకా పని చేస్తూనే ఉందండీ, నేను చూస్తూనే..." అంటూ రాదెక్ చేతిలో తెర చూపించబోయాడు. అంతలో అతని చూపు దనూతా మీద పడింది. ఆవిడ చేతుల్లో రెండు స్కానర్లున్నాయి. రాదెక్ ముఖం పాలిపోయింది.

"దనూతా గారూ," అన్నాడు మెల్లగా, మొట్టమొదటిసారి. "అది నాకివ్వండి. మీరేం మాట్లాడకండి."

ఒకటి తీసుకుని ఇవోనా పక్కన పెట్టాడు. డాక్టరు వాదించలేదు. పని చేస్తూ ఉన్నట్టుండి కుప్పకూలిందని కంపెనీ రాసుకుంది.

పాతిపెట్టాక బంధువులంతా ఇంటికొచ్చి ఆనవాయితీ ప్రకారం కోడిరసంలో సేమ్యా వేసుకు తిన్నారు. వచ్చిన ప్రతివాళ్ళకీ లుద్విక్ ఒకటే మాట చెప్పాడు, ఆఖరి నిమిషం దాకా చకచకా పని చేసిందట, ఆ రోజు అందరికన్నా ముందు తనేనట అని. అందరూ వెళ్ళిపోయాక అక్కకి కూడా అదే చెప్పాడు.

"ఒక్క క్షణంలో పోయిందట అక్కా. నొప్పన్నది తెలీకుండా. దేవుడు ఆ దయన్నా చూపించాడు."

దనూతా నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. తమ్ముడి ముఖంలో ఉన్న ఆ కాస్త ఊరటా అలా ఉండిపోయేది. కానీ వాడు అలా దేవుడికి దండం పెడుతుంటే దనూతా చూడలేకపోయింది.

"అది దేవుడి దయ కాదురా, నేను చేసిన పని," అని మొత్తం చెప్పేసింది. తోట సామాను, పెట్టె, రెండు స్కానర్లు, ఎర్ర మీట, అన్నీ. ఏడుస్తూనే చెప్పింది. తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది.

లుద్విక్ తిట్టలేదు. ఊపిరి ఈల వేస్తుంటే, ఆగి ఆగి అడిగాడు.

"పిలిచి ఉంటుందా అక్కా?"

"నాకు వినపడలేదురా."

"నువ్వెక్కడున్నావప్పుడు?"

"కింద ఉన్నాను. దాని పేరు పైకెక్కిస్తున్నాను."