అడ్మిన్ గారి తొమ్మిది

పేరయ్యకు ఎకరన్నర సొంత చేను, రెండెకరాల కౌలు చేను, ఒక వాట్సాప్ గ్రూపు ఉన్నాయి. మూడింటిలోనూ ఆయన స్వయంగా సాగుచేసేది గ్రూపు ఒక్కటే. మిగిలిన రెండూ ఆయన భార్య వెంకటరావమ్మ చూసుకునేది.

గ్రూపు పేరు ‘మన ఊరు మన మాట’. వినుకొండకు అవతల ఉన్న ఆ ఊళ్ళో పెద్ద ఫోను ఉన్న ప్రతి ఇంటి నుంచీ ఒక మనిషి అందులో ఉన్నాడు. ఇదివరకు కరెంటు తీసేస్తున్నా, పశువుల డాక్టరు వస్తున్నా, వాన కబురు ఉన్నా పంచాయతీ మైకులో చెప్పేవాళ్ళు. గ్రూపు వచ్చాక మైకు మూగబోయింది, దాన్ని బాగు చేయించాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. అలా ఊరి చెవి పేరయ్య చొక్కా జేబులోకి చేరింది. అడ్మిన్ ఆయనే. ఎవరిని ఉంచాలన్నా, ఎవరిని తీసెయ్యాలన్నా ఆయన బొటనవేలే. సర్పంచి కూడా ఆయన్ని ‘అడ్మిన్ గారూ’ అని పిలుస్తుంటే లోపల ఎక్కడో చల్లగా ఉండేది ఆయనకి.

వెంకటరావమ్మకు ఈ పెత్తనం మీద కోపమేమీ లేదు. రెండేళ్ళు వరసగా నల్లతామర పురుగు మిరప తోటను పీల్చి పిప్పి చేసింది. ఈ ఏడు దేవుడి దయవల్ల పూత నిలిచింది, కాయ దిగింది. ఆమెకు కావలసింది ఒక్కటే. కోసిన కాయ కళ్ళంలో ఎర్రగా ఎండి, టిక్కీ బస్తాల్లోకి ఎక్కి, గుంటూరు యార్డుకి చేరాలి. మొగుడు చేనుకు రాకపోయినా ఫర్వాలేదు, వాన మాట ముందే చెబితే చాలనుకునేది.

ఎందుకంటే కళ్ళంలో కాయతో వచ్చే తిప్పలు అలాంటివి. సగం ఎండిన కాయను వానకు వదిలేస్తే నానిపోతుంది. పోనీ పట్టలు కప్పేద్దామంటే లోపల ఆవిరి పట్టి తెల్లమచ్చ తేలుతుంది. మొదటి కోతకు అదే జరిగింది. జనవరిలో పెద్ద వాన ఉందని గ్రూపులో కబురు వచ్చింది. ఊరంతా ఆదరాబాదరా పట్టలు కప్పింది. మబ్బు వచ్చింది గానీ చుక్క రాలలేదు. పట్టలు తీసి చూస్తే కాయల్లో సగం మచ్చకాయ. ఆ కబురు పెట్టింది ఊరి వ్యవసాయ సహాయకురాలు జ్యోతిర్మయి. “పైనుంచి వచ్చిందే పెట్టానండి” అని ఆ పిల్ల ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. ఆనాటి నుంచి గ్రూపులో ప్రభుత్వం మీద నమ్మకం చచ్చింది, దానితోపాటు ఆ పిల్ల పరువూ పోయింది.

మార్చిలో రెండో కోత కాయ కళ్ళంలో పోశారు. సరిగ్గా అప్పుడే గ్రూపులోకి ఆ లెక్క దిగింది.

6 ÷ 2(1+2) = ?

పెట్టింది పురుగుమందుల కొట్టు త్రినాథ్. ‘తెలివైన వాళ్ళకు మాత్రమే’ అని కింద రాశాడు. ఇక ఊళ్ళో తెలివితక్కువ వాడు ఒక్కడు మిగిలితే ఒట్టు. త్రినాథ్ ఫోను తొమ్మిది అంది. పేరయ్య ఫోనూ తొమ్మిదే అంది. బోరు మోటార్లు బాగుచేసే హయాత్ తన కూతురు షాహిస్తా కాలేజీ కాలిక్యులేటర్ మీద కొట్టి చూస్తే ఒకటి వచ్చింది. ఆయన దాన్ని ఫొటో తీసి పెట్టాడు. సాయంత్రానికి ఊరు రెండుగా చీలింది. తొమ్మిది వాళ్ళు టీకొట్టు దగ్గర, ఒకటి వాళ్ళు మోటారు షెడ్డు దగ్గర.

మర్నాటికి ఆ గొడవ లెక్కను దాటిపోయింది. రెండు మిషన్లు ఒక్క లెక్క మీద ఒప్పుకోలేకపోతే మిషన్ల మాట ఎలా నమ్మేదన్నాడు హయాత్. మీది చైనా మిషన్ కాబట్టి అలా అంటోందన్నాడు త్రినాథ్. అక్కడి నుంచి స్మార్టు మీటర్లు, పొలాల మీద తిరిగే డ్రోన్లు, వేలిముద్ర పడక ఆగిపోయిన రేషను, అన్నీ ఆ గొడవలోకే వచ్చి పడ్డాయి. కాలిక్యులేటర్లలో ప్రభుత్వమే ఏదో మార్చిందని ఒకడు రాస్తే, అవునంటూ అందరూ బొటనవేలి బొమ్మలు పెట్టారు. ఒకటి వాళ్ళూ పెట్టారు.

గురువారం పొద్దున జ్యోతిర్మయి అందులో వేలు పెట్టింది. పెట్టకుండా ఉండాల్సింది, కానీ ఆ పిల్లకు ఇరవై నాలుగేళ్ళే. ‘రెండూ రావచ్చండి. లెక్క రాసిన తీరులోనే తిరకాసు ఉంది. ఇంకో బ్రాకెట్ పెట్టి రాస్తే ఏ మిషన్ అయినా ఒకటే చెబుతుంది. దీన్ని ఇక వదిలేసి, పంట నమోదు చేయించుకోని వాళ్ళు ఆఫీసుకు రండి’ అని రాసింది.

తొమ్మిది వాళ్ళకు కాలింది. ఒకటి వాళ్ళకూ కాలింది. పేరయ్యకు అయితే ఒళ్ళు మండిపోయింది. రెండు రోజులుగా ఆయన తొమ్మిదికి పెద్దదిక్కుగా ఉన్నాడు మరి. ‘రెండూ కరెక్టే అనే వాళ్ళే ఆఫీసుల్లో కూర్చుంటారు. వానొస్తదంటారు, రాదు. లెక్క అడిగితే రెండూ అంటారు’ అని రాసి, బొటనవేలితో ఆ పిల్లను గ్రూపులోంచి తీసేశాడు. చప్పట్ల బొమ్మలు వెల్లువెత్తాయి. ఆయన మంచం మీద అటు తిరిగి పడుకుని, వచ్చిన ప్రతి చప్పట్ల బొమ్మనూ రెండుసార్లు చూసుకున్నాడు. ఈ సంగతేదీ వెంకటరావమ్మకు తెలియదు. ఆమె కళ్ళంలో కాయలు తిరగేస్తోంది.

శనివారం పొద్దున పడమటి వైపు మబ్బు కొంచెం ముద్దగా కనిపించింది ఆమెకు. కాయ ఇంకో రెండు ఎండలు తింటే టిక్కీలకు ఎత్తేయొచ్చు. కుప్ప చేసి కప్పాలా, ఆరనివ్వాలా? పళ్ళు తోముకుంటున్న మొగుడి దగ్గరకు వచ్చింది.

“ఏమయ్యా, వాన మాట ఏమన్నా ఉందా ఫోన్లో?”

“ఏం లేదు. గ్రూపులో ఎవరూ పెట్టలా.”

“మబ్బు చూస్తే గుబులుగా ఉందయ్యా.”

“మొన్న జనవరిలో ఇట్టాగే గుబులని కప్పి సగం కాయ మచ్చ చేసుకున్నాం. ఉంటే గ్రూపులో రాదంటావా? నేను చూడనంటావా?”

అంతలో ఫోను మోగింది. ఆయన ఒకసారి చూసి కట్ చేశాడు. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేశాడు.

“ఎవరు?”

“ఏదో కంపెనీ వాళ్ళు. పనిలేక చేస్తుంటారు.”

వెంకటరావమ్మ నమ్మింది. ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మనిషిని నమ్మకుండా ఎట్లా ఉంటుంది? పట్టలు మడిచి ఉన్నవి ఉన్నట్టే ఇంట్లో వదిలేసి, మిగిలిన సాళ్ళు కోయడానికి కూలీలతో చేనుకు వెళ్ళింది. పక్క కళ్ళం హయాత్ భార్య మదార్‌బీది. “అక్కా, మీరు కప్పట్లేదా?” అని అడిగింది మదార్‌బీ. “వాన లేదంట, మా ఆయన చూశాడు” అని చెప్పింది వెంకటరావమ్మ. అడ్మిన్ ఇంటి మాట కాబట్టి మదార్‌బీ కూడా కప్పలేదు.

మధ్యాహ్నం అన్నాలు తిని చేతులు కడుక్కుంటుండగా గాలి తిరిగింది. వెంకటరావమ్మ కొంగు నడుముకు చెక్కి పరుగెత్తింది. చేనుకూ కళ్ళానికీ మధ్య సగం దారిలోనే పెద్ద పెద్ద చుక్కలు మొదలయ్యాయి. కళ్ళం చేరేసరికి కాయల మధ్య నీళ్ళు ఎర్రగా పారుతున్నాయి. మదార్‌బీ అవతల ఒంటరిగా పట్ట లాగుతోంది, గాలికి పట్ట ఆమెనే లాక్కుపోతోంది. ఇద్దరూ కలిసి ఆ ఒక్క పట్టతో దేన్ని కప్పాలో తెలియక నిలబడ్డారు. చివరికి దేన్నీ కప్పలేదు. వెంకటరావమ్మ బురదలో చతికిలబడి, చేతికి అందిన కాయల్ని ఒళ్ళోకి పోగేసుకుంటూ ఏడ్చింది. అలా ఒళ్ళోకి పోగేసుకున్నంత మాత్రాన దక్కేవి కావని ఆమెకూ తెలుసు.

ఆదివారం పొద్దున జ్యోతిర్మయి స్కూటీ మీద వచ్చింది. పాడైన కాయను ఫొటోలు తీసుకుంటోంది. వెంకటరావమ్మ ఆ పిల్ల ముందుకెళ్ళి నిలబడింది.

“జనవరిలో రాని వానకి అంత గోల చేశావే తల్లీ. వచ్చే వానకి ఒక్క మాట గ్రూపులో పెట్టకపోయావా?”

ఆ పిల్ల ఫోను దించింది. “గ్రూపులో నేను లేనుగా పిన్నీ. గురువారం పేరయ్య గారు తీసేశారు. నిన్న పొద్దున్నే మెసేజ్ వస్తే ఆయనకి రెండుసార్లు ఫోన్ చేశాను, కట్ చేశారు. మూడు ఊళ్ళు నావి, దొరికిన వాళ్ళకల్లా చేసుకుంటూ పోయాను. తీసేసిన సంగతి మీకు తెలుసనుకున్నా పిన్నీ.”

“ఎందుకు తీసేశాడు?”

చెప్పడానికి ఆ పిల్లకు సిగ్గేసింది. “ఏదో లెక్క గురించి.”

లెక్క ఏమిటో కూడా చెప్పించుకుని విన్నది వెంకటరావమ్మ. తొమ్మిది, ఒకటి. రెండు మూడు సార్లు అడిగింది, తనకు అర్థం కాలేదేమోనని. అర్థం కానిదేమీ లేదు అందులో. ఆ పిల్లను ఒక్క మాట కూడా అనకుండా పంపేసి ఇంటికి వచ్చింది. మదార్‌బీ ఆమె వెనకే వచ్చింది.

పేరయ్య వాకిట్లో లేడు, స్నానానికి వెళ్ళాడు. ఫోను మంచం మీద ఉంది. అది ఆగకుండా టింగుమంటోంది. అయిదో తరగతి చదువుతో వెంకటరావమ్మ పైన ఉన్నదాన్ని కూడబలుక్కుని చదివింది. పేరయ్యే రాశాడు, గంట కిందట. ‘రైతు నోటికాడి కూడు పోయింది. ప్రభుత్వం ఒక్క మాట ముందు చెప్పి ఉంటే ఇంత నష్టం జరిగేదా? దీనికి జవాబు ఎవరు చెబుతారు?’ కింద దండాల బొమ్మలు, మండే బొమ్మలు. ఊరంతా ఆయన్ని మెచ్చుకుంటోంది.

మైకు బొమ్మ మీద వేలు నొక్కిపెట్టి మాట్లాడటం మొగుడు రోజూ చేసేదే, చూసి చూసి ఆమెకూ వచ్చు. నొక్కింది.

“నేను వెంకటరావమ్మని మాట్లాడుతున్నా. ప్రభుత్వం చెప్పింది. ఆ పిల్ల మా ఆయనకి రెండుసార్లు ఫోను చేసింది, ఈయన కట్ చేశాడు. నేను పక్కనే ఉన్నా. ఆ పిల్లని గురువారం గ్రూపులోంచి తీసేసింది కూడా ఈయనే, ఏదో తొమ్మిది ఒకటి లెక్క కోసం. మన కాయ ముంచింది వాన కాదు, మా ఇంటాయన. నేను చెప్పబట్టే మదార్‌బీ కూడా కప్పకుండా మునిగింది. అందుకు ఆమెకి దణ్ణం పెడుతున్నా.”

వేలు తీసింది. మదార్‌బీ ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఫోనుకేసి చూస్తూ మంచం మీద కూర్చున్నారు.

ముందు త్రినాథ్ రాశాడు. ‘ఇది ఏఐ గొంతు. వినగానే తెలిసిపోయింది నాకు. పేరయ్య బాబాయి నిజం అడిగాడని ఫోను హ్యాక్ చేశారు.’ ఆ కిందనే హయాత్ వచ్చాడు. ‘త్రినాథ్ చెప్పింది కరెక్టే. ఈ రోజుల్లో ఎవరి గొంతైనా చేస్తున్నారు. ఆమె ఎప్పుడన్నా ఇంత మాట మాట్లాడిందా?’ తొమ్మిది వాళ్ళూ ఒకటి వాళ్ళూ మళ్ళీ ఒక్క మాట మీదికి వచ్చారు. గొంతులో ఊపిరి సరిగా లేదని ఒకడు, మధ్యలో కోడి కూత కలిపారని ఇంకొకడు. కోడి అప్పుడు కూడా ఆమె కాళ్ళ దగ్గరే తిరుగుతోంది.

మదార్‌బీ తన చిన్న ఫోను తీసి మొగుడికి చేసింది. “నా పక్కన కూర్చుని మాట్లాడింది. నేను కళ్ళారా చూశాను” అంది. అవతల హయాత్ ఏమన్నాడో విని ఫోను దించేసింది.

“ఏమంటన్నాడు?”

“చూసినదానికి ప్రూఫ్ ఉందా అంటున్నాడక్కా.”

పేరయ్య తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. భార్య చేతిలో ఫోను చూసి ఆగిపోయాడు. ఆమె అందించింది. ఆయన తన భార్య గొంతు మొత్తం విన్నాడు. మొహం పాలిపోయింది. కిందికి జరిపి మిగిలినవి చదువుతుంటే మెల్లగా రంగు తిరిగి వచ్చింది.

“నువ్వే చెప్పు వాళ్ళకి” అంది వెంకటరావమ్మ. “అది నా గొంతేనని చెప్పు. ఇంకేం అడగను నిన్ను. పోయిన కాయ ఊసెత్తను. ఆ ఒక్క ముక్క చెప్పు చాలు.”

ఆయన ఆమె కళ్ళలోకి చూడలేదు. వాకిట్లో ఆరబోసిన నల్లబడ్డ కాయల్ని కాసేపు చూశాడు. తర్వాత మంచం చివర కూర్చుని బొటనవేళ్ళతో ఏదో రాశాడు. నెమ్మదిగా, తప్పుల్లేకుండా రాశాడు. రాసి, ఫోను పక్కన పెట్టి, చొక్కా తొడుక్కోవడానికి లోపలికి వెళ్ళాడు.

వెంకటరావమ్మ ఫోను తీసుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. ‘నా భార్యకు ఫోను వాడటం రాదు. ఇలాంటి ఫేక్ గొంతులతో అందరూ జాగ్రత్తగా ఉండగలరు. ఇట్లు, మీ అడ్మిన్.’

చెప్పింది అడ్మిన్ కాబట్టి ఊరంతా నమ్మింది.