సన్న తూటా

డాక్టర్లు రాజేశం ఎడమచేతికి కట్టు కట్టి బయటికి తెచ్చేసరికి అతని భార్య పద్మలత రెండు సంగతులు గమనించింది. ఒకటి, ఆ చేతికి చూపుడువేలూ నడిమివేలూ ఇక లేవు. రెండోది, గంగారాం తెచ్చిచ్చిన తూటాల తోలుసంచి ఖాళీగా ఉంది.

రాజేశం పటాలంలో పదిహేడేళ్లు చేసి వచ్చినవాడు. సొంత లైసెన్సు తుపాకీ ఉండడంతో ఎల్లారెడ్డిలో ఒక బ్యాంకుకు కాపలా దొరికింది. గంగారాం కూడా అక్కడే కాపలాదారు. రాజేశం కన్నా ఏడేళ్లు చిన్న. పగటి కాపలా రాజేశానిది, రాత్రిది గంగారాంది. ఏడాదికోసారి ఇట్లాంటి కాపలాదారులందరినీ కామారెడ్డి అవతల ఒక గుట్ట కిందికి పిలిచి తుపాకులు పేల్పిస్తారు. ఆ పొద్దున ఇద్దరూ ఒకే ఆటోలో వెళ్లారు. పది దాటకముందే రాజేశం చేతిలో తుపాకీ గొట్టం పగిలింది.

మిగిలిన తూటాలు ఏమయ్యాయని పద్మలత కామారెడ్డి ఆసుపత్రి వరండాలో గంగారాంని అడిగింది. రాజేశమే అన్నీ పేల్చేశాడని అతను చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె ముఖం వంక చూడలేదు. పొద్దున భర్త ఆ సంచిని నడుముకు కట్టుకుంటుంటే అది నిండుగా ఉబ్బి ఉండడం ఆమె కళ్లారా చూసింది. పేలినవి మూడే అని తక్కిన కాపలాదారులు చెప్పుకోవడం చెవులారా విన్నది. మరి గంగారాం ఎందుకు అబద్ధమాడుతున్నట్టు?

రాజేశాన్ని ఆసుపత్రికి తెచ్చిన ఆటో డ్రైవర్ సాయంత్రం పలకరించడానికి వచ్చి, మాటల మధ్య ఇంకో సంగతి చెప్పాడు. గొట్టం పగలగానే అందరూ రాజేశం దగ్గరికి ఉరికారట. గంగారాం మాత్రం కింద పడ్డ సంచి దగ్గర కూర్చుని ఏవో ఏరుకుని జేబులో వేసుకున్నాడట. డ్రైవర్ దానికేమీ అర్థం తియ్యలేదు. పద్మలత తీసింది.

రాత్రి కాపలా పడలేకపోతున్నానని, పగటికి మార్చమని గంగారాం రెండేళ్లుగా మేనేజర్‌ను అడుగుతున్నాడు. ఆ మాట ఎల్లారెడ్డిలో వాళ్ల గల్లీలో అందరూ ఎరుగుదురు. రాజేశం దిగితే తప్ప ఆ కుర్చీ ఖాళీ కాదు. ఆటోలో వెళ్లేటప్పుడు తుపాకీ ఎవరి కాళ్ల దగ్గర ఉంది? చాయ్ తాగడానికి దిగినప్పుడు ఎవరి చేతిలో ఉంది? గొట్టంలో ఓ రాయిముక్కో, గుడ్డపేలికో కూరడానికి ఎంతసేపు పడుతుంది?

మర్నాడు భర్తను అడిగింది. రాజేశం గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎవరి మీదైనా అనుమానముందా అంటే తల అడ్డంగా ఊపాడు. ఏం జరిగిందంటే గుర్తులేదన్నాడు. పటాలంలో జరిగినవి తేదీలతో సహా చెప్పే మనిషి నిన్నటి సంగతి గుర్తులేదంటే ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. స్నేహితుణ్ణి కాపాడుతున్నాడు అనుకుంది.

గంగారాం రోజూ వచ్చేవాడు. ఒకరోజు బత్తాయిలు, ఒకరోజు ఇంట్లో వాళ్లమ్మ కాచిన జావ. పద్మలత ఆ జావను భర్తకు పెట్టకుండా మురుగు మోరీలో పారబోసింది. మూడోరోజు గంగారాం ఆమెను పక్కకు పిలిచి గొంతు తగ్గించి చెప్పాడు.

"పోలీసోళ్లు అడిగితే తూటాల ముచ్చట తియ్యకు వదినా. తుపాకి పాతదైంది, పలిగిందని చెప్పు. గంతే."

అప్పటిదాకా అనుమానం. ఆ మాటతో ఆమెకు అది రుజువైపోయింది. అదే రోజు గంగారాంని పగటి కాపలాలో కూర్చోబెట్టారని బ్యాంకు నుంచి వచ్చిన అటెండరు చెప్పాడు. పద్మలత ఇంకేమీ ఆలోచించలేదు. భర్తకు అన్నం తినిపించి, చెంగుతో చెయ్యి తుడుచుకుని, నేరుగా కామారెడ్డి పోలీసుస్టేషన్‌కు వెళ్లి ఎస్సై ముందు కూర్చుంది. తనకు తెలిసిందంతా చెప్పింది. తెలియనిది కూడా తెలిసినట్టే చెప్పింది.

మరునాడు మధ్యాహ్నం పోలీసులు ఎల్లారెడ్డిలో గంగారాం ఇల్లు సోదా చేశారు. బియ్యం డబ్బాలో అడుగున, పాత రుమాలులో మూటకట్టి ఆరు తూటాలు దొరికాయి. గంగారాంని జీపు ఎక్కించారు. గల్లీ అంతా బయటికి వచ్చి చూసిందని, అతని తల్లి సాలవ్వ జీపు వెనకాలే మూలమలుపు దాకా నడిచిందని పక్కింటామె ఫోన్ చేసి చెప్పింది. పద్మలత మంచిదైందనుకుంది.

తెల్లారి ఎస్సై ఆమెను స్టేషన్‌కు పిలిపించాడు. బల్ల మీద రాజేశం తుపాకీ ఉంది. దాని ఒంటి గొట్టం మొదలుకు కాస్త ముందు, సరిగ్గా ఎడమచెయ్యి పట్టుకునే చోట, అరటితొక్క ఒలిచినట్టు విచ్చుకుపోయింది. పక్కన ఆరు తూటాలు. ఓ మూలన గంగారాం నిలబడి ఉన్నాడు. రాత్రంతా ఎన్ని అడిగినా నోరు విప్పలేదట.

తుపాకులు పరీక్షించడానికి ఒక ముసలి హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. ఆయన తూటాలను వేళ్లతో దొర్లించి రెండింటిని విడదీశాడు. తక్కిన నాలుగు లావుగా, కొత్తగా ఉన్నాయి. ఈ రెండూ సన్నగా, రంగు వెలిసి ఉన్నాయి. స్టేషన్‌లో ఉన్న అదే కొలత తుపాకీని ఇంకోదాన్ని తెరిచి, సన్న తూటా ఒకటి గొట్టంలో వేశాడు. అది ఆగాల్సిన చోట ఆగలేదు. సర్రున లోపలికి జారి కనపడకుండా పోయింది.

"చూసినవా అమ్మా," అన్నాడాయన. "మీ ఆయన తుపాకి పన్నెండు బోరుది. ఇది ఇరవై బోరు తూటా. బోరు అంకె పెరిగితే తూటా సన్నగైతది. గొట్టంల ఏస్తే ముందటికి జారి ఇరుక్కుంటది. ట్రిగ్గర్ నొక్కితే టక్కుమంటది, పేలదు. తెరిచి చూస్తే ఖాళీగ కనవడతది. నేను ఏసుడే మరిచిననేమో అనుకుని ఇంకోటి ఏస్తరు. అది పేలుతది. ముందట తొవ్వ మూసుకపోయి ఉంటది గద. గొట్టం పలుగుతది, పట్టుకున్న చెయ్యి పోతది."

ఎవరో కావాలని చేసి ఉంటే రాయో గుడ్డో పెట్టేవాళ్లని, ఇది కలగాపులగం వల్ల జరిగిందని, పగిలిన గొట్టంలో అతుక్కున్న ఇత్తడి ముక్క కూడా ఈ సన్న తూటాదేనని ఆయన చెప్పాడు. ఇవి సంచిలోకి ఎట్లా వచ్చాయన్నదే తేలాలన్నాడు.

పద్మలత ముందుకు వంగి చూసింది. సన్న తూటా అడుగున, ఇత్తడి బిళ్ల మీద, ఎర్రటి మచ్చ ఉంది. కుంకుమ.

దసరా నాడు తుపాకీకి పూజ చేసింది ఆమే. పీట మీద పసుపుబట్ట పరిచి, తుపాకీ పెట్టి, తూటాలు వరుసగా పేర్చింది. బట్టకోసం పెట్టె తీసినప్పుడు అడుగున రేకు డబ్బాలో ఇంకో మూడు తూటాలు దొరికాయి. మామ బతికుండగా సొంతూరు మహమ్మద్‌నగర్‌లో పొలం మీద పందులను బెదిరించడానికి ఒక తుపాకీ ఉండేది. ఆయన పోయాక దాన్ని స్టేషన్‌లో అప్పజెప్పారు. ఆ తూటాలు ఆయనవని ఆమెకు తట్టనే లేదు. భర్తవే అనుకుని వాటికీ బొట్టు పెట్టి, పూజయ్యాక అన్నిటినీ కలిపి తోలుసంచిలో పోసింది. ముప్పై ఏళ్లుగా బీడీలు చుడుతున్న చేతులవి. ఆకు రవ్వంత తక్కువైనా వేలికి తెలిసిపోయేది. ఆరోజు ఆ వేళ్లకు ఏమీ తెలియలేదు.

పద్మలత ఆ సన్న తూటాను వేలితో ఎస్సై వైపు జరిపింది.

"అవి నేనే పెట్టిన సారూ," అంది. "గంగారాంకేం తెల్వదు. మా మామయి అవి. నేనే కలిపిన."

ఎస్సై గంగారాం వైపు తిరిగి, మరి నువ్వెందుకు దాచావని అడిగాడు. అప్పుడు విప్పాడు నోరు. గొట్టం పగలగానే సంచిలో వేరే రకం తూటాలు కనబడ్డాయని, రాజేశం లైసెన్సులో లేని తూటాలు దొరికితే చెయ్యి పోయినవాడి మీదే కేసు అవుతుందని భయపడి ఏరేశానని చెప్పాడు. వదినకు ఆ సంగతి చెబితే కంగారుపడి ఎక్కడో ఒకచోట అనేస్తుందని చెప్పలేదట.

అతను భయపడ్డట్టే అయింది. కేసు రాజేశం మీద రాశారు. లైసెన్సు రద్దయింది. తూటాలు దాచినందుకు గంగారాంని మందలించి, సంతకం తీసుకుని వదిలిపెట్టారు.

ఆసుపత్రికి తిరిగొచ్చి పద్మలత భర్తకు అంతా చెప్పింది. రాజేశం గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. తర్వాత, రెండేళ్లుగా కుడికంటికి పొర కమ్ముతోందని, చెబితే కాపలా నుంచి తీసేస్తారని దాచానని ఒప్పుకున్నాడు. "చేతికి సన్నగనే తగిలింది పద్మా. పటాలంల చేసినోణ్ణి, చూసేదేముంది అనుకున్న. టక్కుమన్నంక గొట్టంలకెళ్లి వెలుతురన్న చూడకపోతిని." పెళ్లాం ముందు ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గుపడి గోడవైపు తిరిగాడు తప్ప ఎవరినీ కాపాడడానికి కాదు.

ఇంటికొచ్చిన మర్నాడే పద్మలత గంగారాం ఇంటికి వెళ్లింది. సాలవ్వ గడపలోనే కూర్చుని ఉంది. లేవలేదు, రమ్మనలేదు. గంగారాం లోపలినుంచి వచ్చి తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"నా మీద అనుమానం వస్తే నన్నడగాలె వదినా. నేను నీ కండ్లముందటనే ఉంటి గద. మా అవ్వ జీపు ఎనక నడిచింది."

తప్పయిందని అంది పద్మలత. అతను విన్నాడు, సరేననలేదు.

ప్రతి గురువారం రాజేశానికి కట్టు మార్పించడానికి కామారెడ్డి వెళ్లాలి. ఆ వారం ఎల్లారెడ్డి బస్టాండులో ఇద్దరూ ఆటో కోసం చూస్తుంటే గంగారాం వచ్చాడు. సెలవు పెట్టానన్నాడు రాజేశంతో. అతని భుజం పట్టి ఎక్కించి, తను వెళ్లి డ్రైవర్ పక్కన కూర్చున్నాడు. దారి పొడుగునా పద్మలత అతని వీపును చూస్తూ కూర్చుంది. అతను ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. కామారెడ్డిలో దిగాక మాత్రం, ఆమె వంక చూడకుండానే, రాత్రిళ్లు అన్నకు నొప్పి తగ్గిందా అని అడిగాడు.

కొంచెం తగ్గిందని చెప్పింది పద్మలత.