ముప్ఫై నాలుగో నంబరు జెర్సీ

కాన్సాస్ గోధుమ పొలాల మధ్య ఉన్న ఆ చిన్న కాలేజీలో, ప్రతి సోమవారం పొద్దున్నే హల్డా ఉన్రూ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు జెర్సీలు ఉతికేది. ముందు మట్టి వదిలేది, తర్వాత గడ్డి మరకలు, చివర్లో దెబ్బలు. కమిలిన భుజాల నీలమంతా తొట్టి నీళ్లలోకి దిగిపోయేది. అటు హాస్టల్లో కుర్రాళ్లు చేతులు పైకెత్తి చూసుకుని, నొప్పి లేదని తేల్చుకుని టిఫిన్‌కి పోయేవాళ్లు.

1956లో, ఏడు కాలేజీలు తలపడే కాన్ఫరెన్స్‌లో మిగతా జట్లకి నలభై మందేసి ఉంటే వీళ్లకి పంతొమ్మిది మందే. అయినా వరసగా ఐదు ఆటలు గెలిచారు. మిగిలింది ఒక్కటే. అదీ గెలిస్తే కాలేజీ పుట్టాక మొదటి టైటిల్.

ఆ గురువారం మధ్యాహ్నం, శనివారం తలపడబోయే ఎదుటి జట్టు కోచ్ పికప్ ట్రక్కులో వచ్చాడు. టోపీ తీసి, ముప్ఫై నాలుగో నంబరు జెర్సీ బల్ల మీద పెట్టాడు.

"మా వర్జిల్ టీటర్‌దమ్మా. పోయిన శనివారం మెడకి తగిలింది. తల తిప్పలేకపోతున్నాడు. ఇక జన్మంతా ఇంతేనన్నాడు డాక్టరు."

పక్కనే ఉన్న తమ కాలేజీ కోచ్ గాడర్ట్ ముఖం మాడిపోయింది. బంతి చంకలో పెట్టుకుని వర్జిల్ పరిగెత్తితే ఆపగలిగిన మొనగాడు కాన్ఫరెన్స్‌లోనే లేడు.

"సోమవారం ఉతకొచ్చుగా హల్డా? నాలుగు రోజుల్లో కొంపలేం మునగవు."

"ఆ నాలుగు రోజులూ మీరు మెడ తిప్పకుండా ఉండి చూపించండి," అంది ఆవిడ జాకెట్టు చేతులు పైకి మడుచుకుంటూ.

మొదటి ఉతుకుకి ఏమీ రాలేదు. రెండోదానికీ రాలేదు. మూడోసారి వేళ్ల కణుపులు చిట్లేదాకా రుద్దింది. అప్పుడు దిగింది, తారులా నల్లగా.

శనివారం వర్జిల్ ఆడాడు. ఆఖరి నిమిషంలో, అడ్డొచ్చిన కెప్టెన్ మెన్నో ష్రాగ్‌ని గుద్దుకుంటూ పోయి బంతితో గోల్ గీత దాటాడు. ఒక్క పాయింటుతో టైటిల్ చేజారింది.

జెర్సీలు పోగుచేసుకోవడానికి హల్డా బుట్టతో ఓడిన తమ కుర్రాళ్ల గదిలోకి వెళ్లింది. ఆ మొహాలు చూసే ధైర్యం లేక తల వంచుకునే నడిచింది. మెన్నో మూలుగుతూ జెర్సీ విప్పి బుట్టలో వేశాడు.

"అత్తా, వాడు నన్నెలా గుద్దాడో చూశావా? గాల్లోకి లేచిపోయాను!"

"చూశాన్రా నాయనా."

"అంత బాగా ఎవరైనా ఉతుకుతారా అత్తా!"

అని పగలబడి నవ్వాడు. పక్కవాడు నవ్వాడు, తర్వాత గదంతా. గాడర్ట్ మాత్రం నవ్వలేదు. లేచొచ్చి, ఆవిడ చేతిలోంచి బరువైన బుట్ట అందుకున్నాడు.

బయట ఎదుటి జట్టు బస్సు మెట్టు మీద వర్జిల్ నిలబడ్డాడు. ఎవరో పిలిస్తే ఎడమకి చూశాడు. ఇంకెవరో పిలిస్తే కుడికి చూశాడు. ఆ తర్వాత ఎవరూ పిలవకుండానే, మెడ పూర్తిగా వెనక్కి తిప్పి హల్డాని చూశాడు.