పగడపు మూత్రపిండం

కర్నూలు బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించే మౌలా సాహెబ్ కూతురు ఇస్మత్. సౌదీ అరేబియాలోని అభాలో ఓ ప్రైవేటు వైద్య కళాశాలలో అమ్మాయిలకు అనాటమీ చెప్పేది. పక్క ఊరు ఖమీస్ ముషైత్ మార్కెట్లో గొర్రె మూత్రపిండాలు కొనుక్కొచ్చి, రక్తనాళాల్లోకి ఎర్ర రెజిన్ ఎక్కించి, గట్టిపడ్డాక మాంసాన్ని యాసిడ్‌లో కరిగించేది. చివరికి పగడపు కొమ్మలాంటిది మిగిలేది. ఆ విద్యలో ఆరితేరిన ఓ ఆచార్యుడు పందొమ్మిదో శతాబ్దంలో వియన్నాలో ఉండేవాడు. ఆయన తండ్రీ వాద్యకారుడే. అందుకే ఆ ఆస్ట్రియా ఆచార్యుడంటే ఇస్మత్‌కు ఇంట్లో పెద్దాయన మీద ఉన్నంత అభిమానం.

నితాఖాత్ నిబంధన వచ్చింది. సౌదీ వాళ్లను పెట్టుకోకపోతే కాలేజీకి కొత్త వీసాలు రావు. ఇస్మత్ కాంట్రాక్టు పొడిగించలేదు. ఆమె ఏడవలేదు. వాళ్ల దేశం, వాళ్ల పిల్లలకూ పని కావాలి కదా అనుకుంది.

కాలేజీ గుర్తింపు కోసం తనిఖీ బృందం వచ్చే ముందు రోజు, ఆఫీసులో పనిచేసే కడప నయీమ్ ఫోన్ చేశాడు.

"మేడమ్, మ్యూజియంలో మీ నమూనాల లేబుల్స్ మీద మీ పేరు తీసేసి కొత్త సౌదీ లెక్చరర్ పేరు పెట్టాలంట. వైస్ డీన్ ఆర్డర్."

"పెట్టను."

"మీ ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్, ఎగ్జిట్ వీసా, అన్నీ వాళ్ల చేతుల్లోనే ఉండాయి మేడమ్. ఎందుకు గొడవ?"

"కుర్చీ అడిగినారు, ఇచ్చినాను. చేసిన పని కూడా నాది కాదనమంటే ఎట్లంటాను నయీమ్ భాయ్?"

ఆ మధ్యాహ్నం, చివరి క్లాసులో, పాఠం పక్కనపెట్టి ఆచార్యుడి కథ చెప్పింది. 1848 తిరుగుబాటులో ఆయన ఇల్లూ, ఏళ్ల తరబడి చేసిన నమూనాలూ కాలిపోయాయి. ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. పుర్రె ఆకారంతో మనిషి బుద్ధిని తేల్చేవాళ్లది తప్పని చూపడానికి దేశదేశాల పుర్రెలు పోగుచేశాడు.

లేబుళ్లు ఎవరో మార్చేశారు. తనిఖీ రోజున వైస్ డీన్, "ఇవి మా కొత్త లెక్చరర్ చేసినవి" అంది.

"కాదు, నేను చేశాను," అంది ఇస్మత్ అరబ్బీలో.

"ఎలా చేశారు?" అని అడిగింది బృందంలో ఒకామె. వైస్ డీన్ మోచేయి పట్టి లాగుతున్నా ఇస్మత్ పూర్తిగా చెప్పింది. వెనక నిలబడ్డ కొత్త లెక్చరర్ తలదించుకుని, "నిజమే, నావి కావు" అంది.

ఇస్మత్‌కు దేశం విడిచి వెళ్లే ఫైనల్ ఎగ్జిట్ వీసా వెంటనే పడింది. సర్టిఫికెట్ మాత్రం ఇవ్వలేదు.

కర్నూలు వైద్య కళాశాల ఇంటర్వ్యూలో ఆ సర్టిఫికెట్టే అడిగారు.

"ఇయ్యలేదు సార్. పొట్టేలు మూత్రపిండం ఒకటి తెప్పీయండి, ఈడనే చేసి చూపిస్తా," అంది ఇస్మత్ బురఖా చేతులు పైకి మడుస్తూ.

బజారుకెళ్లిన మనిషి తిరిగొచ్చేసరికి ఆమె రెజిన్ ఎక్కించే సిరంజి కడిగి పెట్టుకుంది.