ఓడసీసా మూత

మా అక్క కుడిచేతి చిటికెన వేలు మా బావ విరిచాడు. ఒక గ్లాసు అంచు కోసం. కడుగుతుంటే పెసరగింజంత పెచ్చు లేచిందట. ఆసుపత్రిలో మాత్రం తలుపు సందులో పడి నలిగిందని చెప్పింది. అంతకుముందు పెదవి చిట్లితే కుళాయి తగిలిందంది. పక్కటెముక బీటవారితే మెట్ల మీద జారానంది. ఆ ఇంటికి ఉన్నవే మూడు మెట్లు. డాక్టరు ఆ ఇంటికి ఎప్పుడూ రాలేదు కాబట్టి సరిపోయింది.

నాకు ఒళ్లు మండిపోయేది. ఒక్కసారి, ఒక్క మనిషి ముందు, మా ఆయన కొట్టాడని చెప్పమని ఎన్నిసార్లు బతిమాలానో లెక్కలేదు. తర్వాతి సంగతి నేను చూసుకుంటానన్నాను. వింటేగా. ఆయన పదిమందిలో చెయ్యెత్తే మనిషి కాదని, పరువు గలవాడని, కోపం తగ్గాక బాగానే ఉంటాడని తిరిగి నాకే నచ్చజెప్పేది.

పరువుకేం, దానికి లోటు లేదు. బావ పళ్ల డాక్టరు. పన్ను పీకినా నొప్పి తెలియనివ్వడని జనం చెప్పుకుంటారు. ఆ మెత్తటి చేతులతోనే పాత వైను సామాను పోగేశాడు. ముందుగది నిండా అద్దాల బీరువాలు. కింది అరల్లో కుళాయి బిగించిన గాజు పీపాలు, పై అరల్లో వెండి కూజాలు, సన్నమెడ సీసాలు, వాటి మెడల్లో గొలుసులతో వేలాడే వైను పేర్ల బిళ్లలు, మడ్డి వడగట్టే గరాటులు. అన్నీ వందేళ్లు దాటినవే. వాటిని కళ్లలో పెట్టుకుని చూసుకునేవాడు. అన్నిటిలోకీ ముద్దుది ఓడసీసా. సముద్రం మీద ఓడ ఎంత ఊగినా పడిపోకుండా దాని అడుగు పళ్లెమంత వెడల్పుగా, మెడ పిడికిట్లో ఇమిడేంత సన్నంగా ఉంటుంది. అలాంటి సీసాలకు జోడీ చెడకుండా మెడ మీదా, మూత అడుగునా ఒకే అంకె గీసేవారు. దీని అంకె పదిహేడు.

బావ నాలుగు రోజులు పని మీద వేరే ఊరు వెళ్లినప్పుడు ఆ మూత అక్క చేతిలోంచి జారి పగిలింది. ముక్కలు తువ్వాలులో మూటగట్టుకుని, సీసాను చంకన పెట్టుకుని నా దుకాణానికి పరిగెత్తుకొచ్చింది. గాజు సానపట్టడం నా పని. ఆమె ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "ఈసారి చంపేస్తాడురా" అంది. ఏడవలేదు. ఇంట్లో పాలు అయిపోయాయని చెప్పినట్టు మామూలుగా అంది.

నా దగ్గర ఒక బిస్కెట్ల డబ్బా నిండా సీసాలు పోయి మిగిలిపోయిన పాత మూతలున్నాయి. వెతికి వెతికి అదే కాలంనాటిది ఒకటి పట్టుకున్నాను. మూడు రోజులు సానచక్రం మీద నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతుండగా దాన్ని వెంట్రుకవాసి చొప్పున అరగదీసి ఆ మెడకు సరిపెట్టాను. వజ్రపు మొన ఉన్న కలంతో అడుగున పదిహేడు గీశాను. నా బతుకులో అంత మంచి పని మళ్లీ చెయ్యలేదు. అదే నా పాపం. అక్క చెయ్యి పట్టుకుని మా ఇంటికి లాక్కుపోవలసిన రోజున నేను పనితనం చూపిస్తూ కూర్చున్నాను.

బావ తిరిగొచ్చి సీసా చూసుకున్నాడు. ఏమీ కనిపెట్టలేదు. మూడు నెలలు గడిచాయి. నాకు లోపల్లోపల గర్వంగా కూడా ఉండేది, ఎందుకు దాచాలి.

అలాంటి సామాను పోగేసేవాళ్లు బావ కాక ఇంకో ఎనిమిది మంది ఉన్నారు. నెలకొక ఆదివారం మధ్యాహ్నం ఒకరింట్లో భోజనం. ఆ ఇంటాయన తన సామానులో ఒకటి బల్ల మీద పెట్టి, అందులోంచే అందరికీ వైను పోయించాలి. దాన్ని అందరూ పరీక్షిస్తారు. నకిలీ అని గానీ, జోడీ తప్పిందని గానీ తేలితే యజమాని తన చేత్తోనే పగలగొట్టాలి. అందుకు ఒక ఇత్తడి సుత్తిని పట్టుగుడ్డలో చుట్టి ఇంటింటికీ తిప్పుతారు. పెద్దమనుషుల సరదాలు ఇలాగే ఉంటాయి.

ఆ ఆదివారం బావ వంతు. ఓడసీసాను బయటికి తీశాడు. సామాను తుడిచి సర్దడానికి నన్ను పిలిచాడు, బావమరిదినని కాదు. అక్క అందరి గ్లాసుల్లోనూ వైను పోసింది. వంకరగా అతుక్కున్న చిటికెన వేలు సీసా మెడకు ఆనకుండా ఎడంగా నిలబడి ఉంది. అది ఎనిమిది మందీ చూశారు. ఒక్కరూ అడగలేదు.

వాళ్లలో పెద్దాయనను అందరూ భూతద్దం అంటారు. ఆయన మూత తిరగేసి, కంటికి అద్దం ఆనించి చాలాసేపు చూశాడు. తర్వాత సీసా మెడ చూశాడు. మళ్లీ మూత చూశాడు. ఆయన అనకముందే నాకు తెలిసిపోయింది. నేను ఏడు అంకె వేస్తే నడుమ ఒక అడ్డగీత గీస్తాను. చిన్నప్పటి నుంచీ అలవాటు. సీసా మెడ మీది ఏడుకు గీత లేదు. మూడు రోజులు వెంట్రుకవాసి లెక్క చూసుకున్నవాణ్ని, చివర్లో నా చేతిరాత నేనే రాసిపెట్టాను.

"ఈ ఏడు అంకె మన సానాయనది" అన్నాడు భూతద్దం, నవ్వుతూ. ఆయన గాజుసామాను సానపట్టి నేను కట్టిచ్చే పొట్లాల మీద తేదీలు చూసి చూసి ఆయనకు నా ఏడు కంఠతా వచ్చు.

బావ నా వైపు చూడలేదు. అక్క వైపు చూశాడు. ఎవరో పట్టుగుడ్డ విప్పి సుత్తి బావ ముందు పెట్టారు. మూత పగిలినప్పుడే చెప్పి ఉండాల్సిందని అక్క ఏదో గొణిగింది. ఆమె అరచెయ్యి బల్ల మీద, సీసా పక్కనే ఉంది. బావ సుత్తి ఎత్తి ఆ చేతి మీద కొట్టాడు.

ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. సుత్తి లేచిన క్షణంలోనే ఎనిమిది జతల చేతులు ముందుకు దూకాయి. అన్నీ సీసా మీదికే. దాన్ని ఎత్తి పట్టుకుని, తుడిచి, బల్లకు దూరంగా జరిపారు. మెడకేం కాలేదు కదా అని ఒకాయన అడిగాడు. బావ రెండోసారి కొట్టాడు. అది అక్క మెడ కింది ఎముకకు తగిలింది. ఆమె కుర్చీతో సహా కింద పడింది. మూడోసారి సుత్తి ఎత్తాడు.

నా చేతికి అందింది, సీసా మళ్లీ నింపడానికి బల్ల మీద పెట్టిన నిండు వెండి కూజా. దాంతో బావ దవడ మీద కొట్టాను. వైను గోడంతా చిమ్మింది. పళ్ల డాక్టరు పళ్లు రెండు తెల్లటి బల్లగుడ్డ మీద పడ్డాయి. పడిపోయినవాణ్ని మళ్లీ కొట్టాను, ఇంకోసారి కూడా కొట్టాను. ఆపడానికి కాదు. కొట్టాలనిపించే కొట్టాను. ఎన్నేళ్ల కోపమో చేతిలోకి దిగింది, హాయిగా ఉంది. అప్పుడు మాత్రం పెద్దమనుషులు మనుషుల్ని పట్టుకోవడం గుర్తు తెచ్చుకుని నన్ను వెనక్కి లాగారు.

అక్కను ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. దారిలో నాకు భయం పట్టుకుంది. బావ బతికే ఉన్నాడు గానీ కన్ను పోయేలా ఉందని అప్పుడే ఫోను వచ్చింది. అక్క చెవి దగ్గర చేరి, నా మాట మాత్రం ఎత్తొద్దని, ఆయనే జారిపడ్డాడని చెప్పమని అడిగాను. సిగ్గులేకుండా మెట్ల పేరు కూడా అందించాను. ఆమె కళ్లు మూసుకునే ఉంది.

డాక్టరు పాతవాడే. చెయ్యి చూశాడు, మెడ చూశాడు, కాగితం ముందుకు లాక్కున్నాడు. ఈసారి ఏం తగిలిందమ్మా అని అడిగాడు. ఆ గొంతులో విసుగుంది.

"సుత్తి. మా ఆయన కొట్టాడు" అంది అక్క. "వేలూ ఆయనే విరిచాడు. పెదవీ, పక్కటెముకా ఆయనే. అన్నీ రాయండి."

ఎన్నేళ్లుగానో నేను వినాలనుకున్న మాట. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. డాక్టరు కలం ఆగాక అక్క నా వైపు తల తిప్పింది.

"వీడు నా తమ్ముడు. ఆయన కింద పడ్డాక కూడా కూజాతో కొట్టాడు. నేను చూశాను. అదీ రాయండి."

"అక్కా" అన్నాను.

"ఇంకొక్క అబద్ధం కూడా నావల్ల కాదురా" అంది. మంచి చేత్తో నా మోచెయ్యి పట్టుకుని, డాక్టరు రాయడం అయ్యేదాకా వదల్లేదు.