కూర్చున్న మంచు

రోజూ కుక్కర్ కూత పెట్టగానే లాస్య జానెడు పైకి లేస్తుంది. వాళ్లమ్మ నాగేశ్వరి చెయ్యి పట్టి కిందికి దించి, ఉప్మా ప్లేటు అందిస్తుంది. భయమేస్తే తేలడం ఆ పిల్లకు పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. షేక్‌పేట ఫ్లైఓవర్ కింద లారీ హారన్ కొడితే ఆటో కడ్డీ గట్టిగా పట్టుకుంటుంది, అంతే.

చిక్కల్లా ఉద్యోగంతోనే. హీరోయిన్లకు డూపుగా దూకడం, పడడం, మంటల్లోంచి పరిగెత్తడం ఆమె పని. తేలితే ఫ్రేములోంచి పోతుంది. అందుకే సెట్లో భయాన్ని దిగమింగేది. సాయంత్రానికి కడుపు బరువెక్కి అన్నం సయించేది కాదు పాపం.

ఆ రోజు ఫిల్మ్‌నగర్‌లో గాజు ట్యాంకు వేశారు. హీరోయిన్ కాలికి విలన్ ఇనప గుండు కట్టి మంచు సముద్రంలో వదిలేసే సీను. గడ్డం దాకా నీళ్లు, ఎదురుగా ఐసు కొండ, పైన మండిపోయే లైట్లు.

"ఐసు కరిగితే నీళ్లు పెరగవా అండీ?" దిగేముందు అడిగింది లాస్య.

డైరెక్టర్ పృథ్వీరాజ్ నవ్వాడు. "తేలే ఐసు కరిగితే నీటిమట్టం మారదమ్మా. స్కూల్లో చెప్పలేదా?"

చెప్పారు. నమ్మి దిగింది. కాలికి గొలుసు వేసి తాళం పెట్టారు.

కెమెరా తిరిగాక నీళ్లలోకి చూస్తే, కొండ కింద ఇనప స్టూళ్లు. తేలే ఐసు పైకి కనబడేది కాస్తే. కెమెరాకు కొండలా ఆనాలని ఆర్ట్ వాళ్లు దాన్ని ఎత్తి స్టూళ్ల మీద కూర్చోబెట్టారు. అది తేలడమే లేదు. పైన నిలబడ్డదంతా కరిగి నీళ్లలోకి దిగుతోంది. పెదవులు మునిగాయి.

 లాస్య ఆపమని రెండు చేతులూ ఊపింది.

"ప్రాణం పెట్టి చేస్తోందండీ. కట్ చెప్పను," అన్నాడు పృథ్వీరాజ్ మురిసిపోతూ.

నీళ్లు ముక్కును తాకాయి. అలవాటు కొద్దీ భయాన్ని మింగబోయింది. చచ్చిపోతున్నానని అర్థమై, ఇక మింగలేదు. ఇన్నేళ్లుగా దాచిన భయమంతా ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది. గుండు నేల వదిలింది. గొలుసుతో సహా లాస్య నీళ్లలోంచి లేచి, కొండ దాటి, లైట్ల కడ్డీ పట్టుకుని దగ్గింది.

"ఫ్రేములోంచి పోయావు. దిగు, ఇంకో టేకు," అన్నాడు పృథ్వీరాజ్ విసుగ్గా.

"గుండు జర పైలం బిడ్డా," అన్నాడు ఫైట్ మాస్టర్ కమలాకర్.

"నాకు భయమేస్తోంది మాస్టర్‌గారూ. దిగను."

సెట్లో ఆ మాట పైకి అనడం ఆమెకదే మొదలు. కమలాకర్ వంగి ట్యాంకులోకి చూశాడు. కొండ కింద స్టూళ్లు కనబడ్డాయి. తర్వాత, డైరెక్టర్ మాత్రమే చెప్పాల్సిన ప్యాకప్ మాట తనే చెప్పేసి, నిచ్చెన కోసం వెళ్లాడు.